ఆఖరి డబ్బా కనిపించాలి: లాంగ్ రైడ్‌కు కొన్ని తలకిందుల సలహాలు

అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషిని అందరికంటే ముందు పెట్టండి. అందరికంటే బలంగా తొక్కేవాణ్ని, ఎంత బతిమాలినా సరే, అందరికంటే వెనక పెట్టండి. మల్కాజ్‌గిరి నుంచి తెల్లవారుజామున గుంపుగా సైకిళ్ల మీద బయల్దేరే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. నోరుజారి తిరగేసి చెప్పానేమోనని చాలామంది మళ్లీ అడుగుతారు. తిరగేసి చెప్పలేదు. ఇక్కడ నేను చెప్పబోయేవన్నీ ఇలాగే వినడానికి అడ్డదిడ్డంగా ఉంటాయి. ఒక్కొక్కటీ రోడ్డు మీద దెబ్బతిన్నాక నేర్చుకున్నదే.

మావైపు నుంచి లాంగ్ రైడ్ అంటే ఎక్కువగా వరంగల్ రోడ్డే. ఊరికి పడమటి వైపు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు సోలార్ పలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. చాలా మంచి పని. కానీ మల్కాజ్‌గిరి వాళ్లం అక్కడికి వెళ్లాలంటే ఊరంతా అడ్డంగా దాటాలి. తూర్పుకు తిరిగితే మాత్రం మౌలాలి, ఈసీఐఎల్, రాంపల్లి మీదుగా ఇరవై కిలోమీటర్ల అటూ ఇటూలో ఘట్‌కేసర్ చేరిపోతాం. అక్కడ 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బీబీనగర్, భువనగిరి, రాయగిరి, ఆలేరు వరసగా వస్తాయి. ఆలేరు దగ్గర హైవే దిగి ఆరేడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే కొలనుపాక. జైన మందిరం, పక్కనే పాత సోమేశ్వరాలయం. రానూ పోనూ 160 కిలోమీటర్ల పైచిలుకు. సరిగ్గా ఒక రోజు పని.

ఇక రెండో సలహా. పోయేటప్పుడు కష్టంగా ఉండే కాలం చూసుకుని బయల్దేరండి. పోయేటప్పుడు హాయిగా ఉండే కాలంలో ఈ దారి పట్టకండి.

కొన్నేళ్ల కిందట ఒక జులైలో పదకొండు మందిమి కొలనుపాక బయల్దేరాం. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు, ఇంతకంటే మంచి రోజు దొరకదు అనుకున్నాం. భువనగిరి కోట కొండ, ఆ ఒంటిరాతి గుండు, బీబీనగర్ దాటగానే ఎదురుగా కనిపించింది. అది కనిపించిన దగ్గర్నుంచి అందరికీ కాళ్లలో ఎక్కడలేని బలం వచ్చింది. గంటకు 26, 27 కిలోమీటర్లు. మామూలుగా నా వేగం ఇరవై. ఇన్నాళ్లూ చేసిన ప్రాక్టీసు ఫలించిందని నిజంగానే నమ్మాను. నమ్మకపోవడానికి రెండు కారణాలు కళ్లముందే ఉన్నా చూడలేదు. ఒకటి, సికింద్రాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది. ఆలేరు చేరేసరికి నేల వంద మీటర్లకు పైగా దిగిపోతుంది. ఎక్కడా పల్లంలా కనిపించదు, కానీ దారి పొడుగునా మెల్లగా దిగుతూనే ఉంటుంది. మూసీ తూర్పుకు పారేది అందుకే. రెండోది, వానాకాలంలో మన దగ్గర గాలి పడమర నుంచి వీస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ గాలే మనల్ని ఆలేరు దాకా తోస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఆ రెండూ ఎదురు తిరిగాయి. గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్నప్పుడు మీరు 20లో తొక్కితే ఒంటికి తగిలే గాలి 35 వేగంతో వస్తున్నట్టు లెక్క. గాలి ఒత్తిడి వేగంతో సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ రెండు సంఖ్యల్ని భాగించి వర్గం చేసి చూడండి, మూడింతలు వస్తుంది. పొద్దున దాచుకోవాల్సిన బలమంతా పొద్దున్నే ఖర్చుపెట్టేసి, మూడింతల గాలిలోకి మెట్టెక్కుతూ వచ్చాం. గుంపు మూడు ముక్కలైంది. ముందున్నవాళ్లు భువనగిరిలో బిర్యానీకి ఆగారు. మధ్యవాళ్లం వాళ్లను చూడకుండానే దాటిపోయాం. ఘట్‌కేసర్‌లో అందరం కలిశాక చాయ్ తాగుతుంటే నా ఫోన్ మోగింది.

"సార్, మావాడు ఫోన్ ఎత్తుతలేడు. మీ దగ్గరనే ఉన్నడా?"

తలలు లెక్కపెట్టాను. పది. డిగ్రీ రెండో ఏడాది చదివే కుర్రాడు, వాళ్ల మామ ఇచ్చిన పాత స్టీలు సైకిల్ మీద వచ్చినవాడు, లేడు. ఆ తల్లికి ఏం చెప్పానో గుర్తులేదు, నిజం మాత్రం చెప్పలేదు. రాయగిరి దగ్గర వాడికి పంక్చరైంది. పంపు మాలో ముందు పోయినవాడి దగ్గర ఉంది. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. సైకిల్ నెట్టుకుంటూ భువనగిరి వైపు నడిచాడు. ఆటోలో వెనక్కి వెళ్లి చూస్తే రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కోపం తెచ్చుకోలేదు. "సారీ అన్నా, లేటయింది" అన్నాడు. ఆ సారీ నాకిప్పటికీ మింగుడుపడదు.

అందుకే చలికాలం అంటున్నాను. నవంబర్ నుంచి జనవరి దాకా గాలి తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. వానాకాలం అంత జోరుగా ఉండదు గానీ, పోయేటప్పుడు మొహానికి కొడుతుంది. కొట్టనివ్వండి. పొద్దున అడ్డుకున్నా, మధ్యాహ్నం వీపు తట్టి ఇంటికి పంపించే గాలి అది. వచ్చేటప్పుడు మెట్ట ఎలాగూ తప్పదు, దానికి తోడు ఎదురుగాలి లేకపోతే అదే పదివేలు.

ఆ జులై తర్వాత వారం, ఆనంద్‌బాగ్‌లో మా వీధి చివర ఉండే పెద్దాయనతో ఈ సంగతి చెప్పాను. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, ఆయన మాత్రం గార్డు అనే చెప్పుకుంటారు.) మొత్తం విని ఒకే మాట అన్నారు. "తమ్మీ, బండి వచ్చిందని ఇంజన్ను చూసి రాయరు. ఆఖరి డబ్బా ఎనక ఎల్‌వీ బోర్డు కనపడాలె. అది చూసినంకనే స్టేషన్ మాస్టరు బండి పూర్తిగ వచ్చిందని రాసుకుంటడు. బోర్డు లేదంటే డబ్బాలు ఎనక ఎక్కడనో తెగి ఉన్నట్టే. ఆ లైన్ మీదికి ఇంకో బండిని ఇడ్వరు."

మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగి రోజూ రైళ్ల మోత వింటూ, ఆఖరి బోగీ మీద ఆ పసుపు ఇంటూ గుర్తూ, దాని కింద ఎల్‌వీ (లాస్ట్ వెహికిల్) పలకా వెయ్యిసార్లు చూసి కూడా, అది ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు. ఆయన మరుసటి నెల నుంచి మాతో వస్తున్నారు. అరవై దాటినా బలంగా తొక్కే మనిషి. గుంపు వెనకే తొక్కుతారు, సైకిల్ వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది.

కాబట్టి మొదటి సలహాకు మళ్లీ వస్తాను. నెమ్మదిగా తొక్కే మనిషి వెనకుంటే ఏం జరుగుతుందో చూడండి. ముందువాళ్లు ఎక్కడో ఆగి పది నిమిషాలు సేదదీరతారు. ఆ మనిషి రొప్పుకుంటూ వచ్చి చేరగానే "వచ్చేశారుగా, పదండి" అంటారు. అంటే అందరికంటే ఎక్కువ విశ్రాంతి కావాల్సిన మనిషికి అసలు విశ్రాంతే ఉండదు. పైగా రోజంతా అందరి వీపులూ దూరమైపోతుంటే చూస్తూ తొక్కాలి. కాళ్ల కంటే ముందు మనసు అలిసిపోతుంది. అదే మనిషిని ముందు పెడితే గుంపు వేగం దానంతటదే కుదురుకుంటుంది. మాలో ఒక స్కూల్ టీచరమ్మ ఉన్నారు, ఆవిడ వేగం గంటకు పదిహేడు, పద్దెనిమిది. ఇప్పుడు మా గుంపు వేగం అదే.

అంత నెమ్మదిగా తొక్కితే ఎప్పటికి చేరతాం అంటారు కుర్రాళ్లు. లెక్క చెప్పండి వాళ్లకు. ప్రపంచమంతా నడిచే ఆడాక్స్ పద్ధతిలో, మన హైదరాబాద్ రాండనార్స్ క్లబ్బు నడిపే బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్లు) కూడా ఆ పద్ధతిలోనివే, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలిస్తారు, 300కు 20, 400కు 27, 600కు 40. చాయ్‌లూ పంక్చర్లూ అన్నీ కలుపుకుని గంటకు సుమారు 15 కిలోమీటర్లు పడితే చాలు. అదే లెక్కన కొలనుపాక వెళ్లి రావడానికి పదకొండు గంటలు చాలు. తెల్లారి ఐదింటికి బయల్దేరితే సాయంత్రం నాలుగుకల్లా ఇంట్లో ఉంటారు. దీన్ని చెడగొట్టేది నెమ్మదితనం కాదు, ఆగడం. ఒక్కో చోట ముప్పావుగంట కూర్చున్నాక, ఆ నష్టాన్ని ఎంత వేగంగా తొక్కినా పూడ్చలేరు. అందుకే చాయ్ దగ్గర కూర్చోకండి. నిలబడి తాగండి, పది నిమిషాల్లో కదలండి.

వెనకున్న బలవంతుడి దగ్గర పంపు, రెండు ట్యూబులు, ప్యాచ్‌ల పెట్టె, మందుల సంచి ఉండాలి. వాణ్ని దాటి ఎవరూ వెనక ఉండకూడదు. ఒంటికి వెళ్లాలన్నా వాడికి చెప్పే వెళ్లాలి. ప్రతి ఊరి మొదట్లో గట్టిగా తలల లెక్క. మా దగ్గర నంబర్లున్నాయి, ఎవరి నంబరు వాళ్లు అరుస్తారు. భువనగిరి బస్టాండ్ దగ్గర జనం తిరిగి చూస్తారు, చూడనివ్వండి.

బయల్దేరిన మొదటి పది కిలోమీటర్లలో వేగం పెంచకండి. ఉత్సాహంగా ఉంటుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది, అందుకే చెప్తున్నాను. డిసెంబర్‌లో మన దగ్గర ఆరున్నర దాటితే గానీ తెల్లవారదు. మౌలాలి నుంచి ఈసీఐఎల్ దాకా చీకట్లో కుక్కలు, రాంగ్ సైడులో వచ్చే పాలబండ్లు, మూత లేని మ్యాన్‌హోళ్లు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ లేని మనిషిని, ఎంత దగ్గరివాడైనా సరే, ఇంటికి పంపించండి. నేను మా సొంత తమ్ముణ్ని ఆనంద్‌బాగ్ చౌరస్తా నుంచి వెనక్కి పంపించాను. నెల్లాళ్లు మాట్లాడలేదు. లైటు కొనుక్కుని వచ్చాడు.

తిండి విషయంలో నా సలహా, ఆకలి లేనప్పుడే తినండి. ఆకలి వేసిందంటే అప్పటికే ఆలస్యమైంది. గంటల తరబడి తొక్కే శరీరానికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. అంటే గంటకు ఒక పండు, ఒక పల్లీపట్టీ. ఇంటి నుంచి బయల్దేరిన నలభై నిమిషాలకే, ఏ కోరికా లేకపోయినా, మొదటి పండు తినెయ్యాలి. భువనగిరిలో టిఫిన్‌కు ఇడ్లీ రెండు, అంతే. పూరీ జోలికి పోవద్దు. నూనె తిండి తొందరగా అరగదు, కడుపు బరువుగా ఉండి తొక్కడం కష్టమవుతుంది. బిర్యానీ మీద నాకేం కోపం లేదు. మల్కాజ్‌గిరి చేరాక ఎంతైనా తినండి.

నీళ్ల గురించి కూడా ఒకటి. ఊరికే గటగటా తాగేస్తూ ఉండకండి. చెమటతో ఉప్పు పోతుంటే లోపలికి ఒట్టి నీళ్లే పోతే, రక్తంలో సోడియం పలచబడి తలతిరుగుడు, వాంతులు మొదలవుతాయి. అది డీహైడ్రేషన్ అనుకుని పక్కవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు. దాహానికి తగ్గట్టు తాగండి, ప్రతి రెండో సీసాలో ఓఆర్ఎస్ కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పొడి 20.5 గ్రాముల పొట్లం సరిగ్గా లీటరు నీళ్లకు. సైకిల్ బాటిల్ ముప్పావు లీటరో, అర లీటరో ఉంటుంది, అందులో మొత్తం పొట్లం వంచేస్తే చిక్కనై కడుపు తిప్పుతుంది. లీటరు బాటిల్లో కలిపి తర్వాత పోసుకోండి. ఇంకో సంగతి, డబ్బాల్లో తియ్యగా దొరికే ప్రతిదీ ఓఆర్ఎస్ కాదు. ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఆ పొట్లం చించేటప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తారు.

పంక్చరైతే ట్యూబు సంగతి వదిలేయండి, ముందు టైరు చూడండి. ఈ ఒక్క సలహాతో మా గుంపుకు ఎన్ని గంటలు కలిసొచ్చాయో చెప్పలేను. హైవే అంచున లారీ టైర్లు పేలి ముక్కలు పడి ఉంటాయి. వాటిలోంచి రాలిన ఉక్కు తీగలు మన టైర్లలో దిగుతాయి. వెంట్రుక కంటే కాస్త మందం, బియ్యపుగింజలో సగం పొడవు. పైనుంచి చూస్తే కనిపించదు. వేలితో తడిమితే ఒక్కోసారి తగలదు, ఒక్కోసారి వేలికి గుచ్చుకుంటుంది. తొందరలో కొత్త ట్యూబు వేసి బయల్దేరితే రెండు కిలోమీటర్లకు అదే చోట మళ్లీ గాలి పోతుంది. గార్డు పెద్దాయన జేబులో చిన్న దూది ఉండ పెట్టుకుంటారు. టైరు విప్పగానే లోపలి గోడ మీద ఆ దూదిని మెల్లగా తిప్పుకుంటూ వస్తారు. ఒక చోట ఒక పోగు చిక్కుకుని నిలబడుతుంది. అక్కడే తీగ. గోళ్లు తీసే కట్టర్‌తో పట్టి లాగి, అరచేతిలో పెట్టి అందరికీ చూపిస్తారు. ఆ తర్వాతే ట్యూబు. ఆ పని జరిగేటప్పుడు ఇద్దరుంటే చాలు. మిగతా వాళ్లు రోడ్డుకు వీపు పెట్టి గుమిగూడకుండా, మట్టి మీదికి దిగి దూరంగా నిలబడాలి. మనిషి ప్రాణం పోయేది పంక్చర్ వల్ల కాదు, పంక్చర్ చూస్తూ తెల్లగీత మీద నిలబడటం వల్ల.

చిన్నవి మూడు గబగబా చెప్పేస్తాను. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ గాలి నింపకండి, అది హద్దే గాని లక్ష్యం కాదు. డెబ్బై కిలోల మనిషికి 32 ఎంఎం టైరులో 60, 65 పీఎస్ఐ చాలు, నడుము నొప్పి సగం తగ్గుతుంది. మెత్తటి జెల్ సీటు కొనకండి. గంట దాటాక అందులో కూరుకుపోయి ఒరుసుకుంటుంది, గట్టి సీటూ మంచి షార్ట్సూ మేలు. షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ముందువాడి చక్రానికి అంటుకుని తొక్కకండి. టీవీలో పోటీలవాళ్లు అలా తొక్కేది గాలి తప్పించుకోవడానికి, వాళ్లకు రోడ్డు ఖాళీ చేసి ఇస్తారు. మనం గంటకు 25లో వెళ్తుంటే ఒక సెకనులో ఏడు మీటర్లు పోతాం. బ్రేకు గుర్తొచ్చేసరికి ఆ సెకను అయిపోతుంది.

అన్నిటికంటే వినబుద్ధికాని సలహా ఒకటుంది. బాగా బలంగా ఉన్నప్పుడే వెనక్కి తిరగండి. ఊరి పేరు పెట్టుకుని బయల్దేరకండి, గడియారం పెట్టుకుని బయల్దేరండి. మాది పదింబావు. ఆ టైముకు ఎక్కడున్నా సరే, కొలనుపాక గోపురం అల్లంత దూరంలో కనిపిస్తున్నా సరే, అక్కడే సైకిళ్లు తిప్పేస్తాం. ఇప్పటికి రెండుసార్లు ఆలేరు నుంచే తిరిగొచ్చాం. ఒకసారి యాదగిరిగుట్ట దగ్గరే ఆగిపోయాం. 2022 మార్చిలో ప్రధానాలయం మళ్లీ తెరిచాక శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద కార్లు ఎంత పెరిగాయో ఆరోజు చూశాం. డిసెంబర్‌లో పొద్దు ఐదూ ముప్పావుకే గుంకుతుంది. అలసిన మనిషి చీకట్లో హైవే మీద ఉండకూడదు.

ఎవరికైనా మోకాలు పట్టేస్తే ఓర్చుకోమని ధైర్యం చెప్పకండి, రైలెక్కించండి. ఈ దారికున్న గొప్ప వరం ఏమిటంటే, ఘట్‌కేసర్ నుంచి కాజీపేట దాకా రైలు పట్టాలు రోడ్డు పక్కనే నడుస్తాయి. బీబీనగర్, భువనగిరి, రాయగిరి, ఆలేరు అన్నీ స్టేషన్లే. సైకిల్‌ను లగేజీగా బుక్ చేస్తే బ్రేక్‌వ్యానులో, అంటే గార్డుండే ఎస్ఎల్ఆర్ బోగీలో వేస్తారు. బుకింగ్ పెద్ద స్టేషన్లో తేలిక, చిన్నచోట ముందే అడిగి తెలుసుకోవాలి. మనిషి రైల్లో, సైకిల్ తెలిసినవాళ్ల దుకాణంలో, మరునాడు ఆటో ట్రాలీలో తెచ్చుకున్నా పరవాలేదు. రైలెక్కించిన మనిషి ఒక్కడే వెళ్లకూడదు, తోడుగా ఇంకొకరు పోవాలి. గుంపులో బలంగా ఉన్నవాడే పోవాలి. ఆ పని కూడా వాడిదే.

తిరిగొచ్చిన రాత్రి, తర్వాతి రైడ్ ఎక్కడికో మాట్లాడుకోకండి. ఆ రాత్రి అందరికీ వరంగల్ దగ్గరే అనిపిస్తుంది. మూడు రోజులు ఆగండి. అప్పుడు కూడా బలవంతుణ్ని అడగకండి, ముందు తొక్కిన మనిషిని అడగండి. మొన్న జనవరిలో అలాగే టీచరమ్మను అడిగాం. కాళ్లు ఇంకా సలుపుతున్నాయేమో, కాసేపు ఆలోచించారు. "ఈసారి కీసరగుట్ట చాలు సార్. మా పెద్దమ్మాయి కూడా వస్తానంటోంది, దానికి ఎనిమిదో తరగతి."

కీసరగుట్ట మాకు పాతిక కిలోమీటర్లు లేదు. మేమంతా పొద్దున తొమ్మిదికే వెళ్లి వచ్చేసే దూరం. కుర్రాళ్ల మొహాలు కాస్త చిన్నబోయాయి. వెళ్లాం. ఆ పిల్ల గేర్లు లేని గులాబీరంగు సైకిల్ మీద ముందు, వెనక వాళ్లమ్మ, ఆ వెనక మేం పదిమందిమి, ఆఖరున ఎర్ర లైటుతో పెద్దాయన. నాగారం దాటాక పిల్ల ఆగి వెనక్కి తిరిగి అరిచింది. "తాతా, మీరు ఉన్నారా?"

"ఉన్న బిడ్డా, నడువు."